మాస్టారి సీసాల లెక్క

‘మాస్టారూ... మీ చెప్పు!’

వెనక నుంచి పాలప్యాకెట్ల కుర్రాడి కేక. భీమవరంలో మావుళ్లమ్మ గుడికి వెళ్లి ఇంటికి నడిచొస్తున్న లెక్కల మాస్టారు ఆగి కిందికి చూసుకున్నారు. కుడికాలికి చెప్పుంది. ఎడమకాలికి లేదు. ఇరవై అడుగుల వెనక, రోడ్డు మధ్యలో బోర్లా పడి ఉంది. ఆషాఢమాసపు వానకి పైకి తేలిన కంకర మీద అంతదూరం వట్టికాలితో నడిచొచ్చారాయన. ఆ సంగతి కాలికి తెలియలేదు.

కుర్రాడు చెప్పు తెచ్చి కాలి దగ్గర పెట్టాడు. ‘ఏదో ఆలోచిస్తూ నడుస్తున్నట్టున్నారు’ అన్నాడు నవ్వుతూ. మాస్టారూ నవ్వేశారు. నిజానికి ఆయన ఏమీ ఆలోచించడం లేదు. అదే ఆయన్ని భయపెట్టింది.

ఇంటికొచ్చి భార్యకు చెప్పలేదు. చక్కెర లేని కాఫీ తాగి, అలవాటు ప్రకారం బల్ల మీది సీసాల మూతలు ఒక్కొక్కటే తీసి బిళ్లలు అరచేతిలో పోసుకున్నారు. ఎర్రటిది, తెల్లటిది, ఊదారంగుది... తర్వాత గ్లాసు నీళ్లలో ఒక చెంచా తెల్లపొడి. ఆరు నెలలుగా రోజూ ఇదే వరస. ఇంట్లో దీపారాధన తప్పిన రోజుందేమోగానీ ఇది తప్పిన రోజు లేదు.

మాస్టారికి డెబ్భై ఒకటి. ముప్ఫై నాలుగేళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో లెక్కలు చెప్పారు. పద్నాలుగేళ్ల నుంచి షుగరు. దానికి మెట్‌ఫార్మిన్. కొలెస్ట్రాల్‌కి స్టాటిన్. ‘కడుపులో మంట’ అని ఎప్పుడో మొదలై ఎన్నటికీ ఆగని గ్యాసు బిళ్ల. మాంసం, గుడ్డు ముట్టరు. కొలెస్ట్రాల్ బయటపడ్డప్పటి నుంచి పాలూ పెరుగూ కూడా మానేసి నీళ్ల మజ్జిగతో సరిపెట్టుకుంటున్నారు. ఏడాదిన్నరగా మాత్రం ఒంట్లో శక్తి లేదు. మెట్లెక్కితే కూర్చోవాలి. పేపరు చదువుతుంటే కునుకు. రాత్రిళ్లు అరికాళ్లలో చీమలు పాకినట్టు.

డాలస్‌లో ఉండే కూతురు ఫోనులో ఆయన మొహం చూసి కనిపెట్టేసింది. ‘నాన్నా, ఏంటలా వాడిపోయావు? ఇక్కడ అందరూ వాడుతున్నారు, నీకూ పంపిస్తాను’ అంది. సంక్రాంతికి వస్తున్నవాళ్ల సూట్‌కేసులో మొదటి విడత దిగింది. అట్టల మీద రాతలు చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. కణకణానికీ శక్తి అట. ఆరోగ్యంగా వయసు పైబడటం అట. వయసు పైబడక ఎలాగూ తప్పదు, ఆరోగ్యంగా పైబడితే ఎవరికి చేదు? పక్కింటాయన ‘రక్తం పడుతుంది’ అంటే మాస్టారు మందుల షాపులో ఫోలిక్ యాసిడ్ అయిదు మిల్లీగ్రాముల బిళ్లలు కూడా కొనుక్కొచ్చి వాటికి జత చేశారు. ఈ చిన్న పసుపు బిళ్ల సంగతి గుర్తుంచుకోవాలి. తర్వాత పని పడుతుంది.

మూడోరోజు చెప్పు మళ్లీ జారింది. ఈసారి ఇంటి మెట్ల మీద, భార్య చూస్తుండగా. ఇక దాచడం కుదరలేదు. సాయంత్రానికి సీసాలన్నీ గుడ్డ సంచీలో వేసి ఆవిడే బయల్దేరదీసింది.

ఆ ఊళ్లో డాక్టరు ఒకప్పుడు మాస్టారి దగ్గర పదో తరగతి చదివినవాడే. జుట్టు నెరిసినా ఆయన ముందు ఇంకా చేతులు కట్టుకునే నిలబడతాడు. సంచీలోంచి సీసాలు తీసి వరసగా పెట్టి, ‘ఇవన్నీ ఎందుకు వేసుకుంటున్నారు మాస్టారూ?’ అనడిగాడు.

‘శక్తికిరా.’

‘ఏది ఎలా శక్తినిస్తుందన్నారు?’

మాస్టారి దగ్గర జవాబు లేదు. ‘జవాబు రాస్తే చాలదురా, స్టెప్పులు రాయకపోతే మార్కుల్లేవు’ అని మూడు తరాల పిల్లల్ని ఏడిపించిన మనిషి ఆయన.

డాక్టరు బల్ల సొరుగులోంచి ట్యూనింగ్ ఫోర్కు తీశాడు. మోకాలికి కొట్టి, గుయ్‌మంటున్న దాని కాడని మాస్టారి మణికట్టు ఎముక మీద ఆనించాడు. ‘తెలుస్తోందా?’ ‘ఆఁ, జివ్వుమంటోంది.’ మళ్లీ కొట్టి ఎడమ చీలమండ మీద పెట్టాడు. ‘ఇప్పుడు?’ ‘పెట్టు మరి’ అన్నారు మాస్టారు. పెట్టే ఉన్నాడతను. లేపి నిలబెట్టి కళ్లు మూసుకోమంటే, మాస్టారు గాలికి ఊగే అరటిచెట్టులా పక్కకి ఒరిగిపోయారు. భార్య పట్టుకోబట్టి సరిపోయింది. డాక్టరు ఏమీ అనకుండా రక్తపరీక్షలు రాసిచ్చాడు. రిపోర్టులకి రెండ్రోజులు పడుతుందన్నాడు. అంతవరకు సీసాలు ఆపమన్నాడు.

ఆ రెండ్రోజులూ మాస్టారికి నిద్ర లేదు. జబ్బేమిటోనన్న దిగులు కన్నా, శిష్యుడు అడిగిన ప్రశ్నే ఎక్కువ కుట్టింది. తమ్ముడి మనవరాలు బీఫార్మసీ మూడో ఏడాది చదువుతోంది. దాన్ని పిలిపించారు. పాత రూళ్ల నోటుపుస్తకం తీసి అడ్డంగా పేజీ తిప్పి గడులు గీశారు. పేరు. ఏం చేస్తుందంటారు. ఎవరి మీద చూశారు, ఎలుకలా మనుషులా. ఎంతమంది. ఏం తేలింది. ‘ఒక్కోటీ చదివి చెప్పవే’ అన్నారు. అది ల్యాప్‌టాప్ ముందేసుకుని కూర్చుంది.

ముందు అసలు ఈ శక్తి అంటే ఏమిటో తేలాలి. మనం తిన్న అన్నం నేరుగా కండకి పనికిరాదు. కణాల్లో మైటోకాండ్రియా అనే బుల్లి కర్మాగారాలున్నాయి. ఆహారాన్ని, పీల్చుకున్న ప్రాణవాయువుని కలిపి అవి ఏటీపీ అనే పదార్థాన్ని తయారుచేస్తాయి. కండ కదలాలన్నా, గుండె కొట్టుకోవాలన్నా, నరంలో కబురు నడవాలన్నా ఖర్చయ్యేది ఆ ఏటీపీయే. ఇది జేబులో చిల్లర లాంటిది. ఏ క్షణాన చూసినా ఒంట్లో ఉండేది వంద గ్రాముల లోపే. కానీ ఖర్చవుతూ మళ్లీ తయారవుతూ, రోజంతా చేతులు మారినదంతా కలిపితే దాదాపు మన బరువంత ఉంటుంది.

‘తాతయ్యా, దీన్ని కనిపెట్టిందెవరో తెలుసా?’ అంది మనవరాలు. ‘మన భీమవరం ఆయనే!’

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివి 1923లో అమెరికా చేరి, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే ప్రయోగశాలలో పనిచేశారు. ద్రవాల్లో భాస్వరం ఎంతుందో కొలిచే పద్ధతిని 1925లో ఆ ఇద్దరూ రూపొందించారు. ఇప్పటికీ దాన్ని వాళ్లిద్దరి పేర్లతోనే పిలుస్తారు. ఆ కొలత చేతికొచ్చాక కండలో భాస్వరాన్ని వెతుకుతూ 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ని, 1929లో ఏటీపీని పట్టుకున్నారు. అదే 1929లో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని కనిపెట్టాడు. సుబ్బారావు మళ్లీ స్వదేశం చూడకుండానే 1948లో, యాభై మూడేళ్లకే పోయారు. మాస్టారికి ఆ పేరు తెలుసు. పాఠ్యపుస్తకంలో ఉంది, తపాలాబిళ్ల కూడా వచ్చింది. కానీ తన బల్ల మీది ప్లాస్టిక్ డబ్బాలో ఉన్న తెల్లపొడికీ ఆయనకూ చుట్టరికం ఉందని మాత్రం తెలియదు.

ఆ పొడి క్రియాటిన్. మన ఒంట్లో అది భాస్వరాన్ని తగిలించుకుని ఫాస్ఫోక్రియాటిన్‌గా కండల్లో కాచుకుని ఉంటుంది. ఒక్కసారిగా బరువెత్తినప్పుడో, కుర్చీలోంచి లేచినప్పుడో ఏటీపీ చాలకపోతే వెంటనే తన దగ్గరున్నది ఇస్తుంది. అచ్చం ఇంటిపక్కన చేబదులిచ్చే మనిషిలా. మాంసం, చేపల్లో క్రియాటిన్ ఉంటుంది. శాకాహారుల కండల్లో నిల్వ తక్కువ. రోజుకి మూడు నుంచి అయిదు గ్రాములు తీసుకుంటూ బరువులతో వ్యాయామం చేసిన పెద్దవాళ్లలో, వ్యాయామం ఒక్కటే చేసినవాళ్ల కన్నా కండా బలమూ కాస్త ఎక్కువ పెరిగాయని చాలా పరిశోధనల్లో తేలింది. కాస్తే. అదీ వ్యాయామం చేస్తేనే. పొడి తాగి పడక్కుర్చీలో పేపరు చదివితే పెద్దగా ఏమీ ఒరగదు. మాస్టారు ఆరు నెలలుగా చేసింది సరిగ్గా అదే. అయినా సంచీలోని వాటన్నిటిలోకీ స్టెప్పులు సరిగ్గా ఉన్నది దీనికే. పైగా ధర కూడా అన్నిటికన్నా తక్కువ. నోటుపుస్తకంలో నూటికి అరవై వేశారు.

ఎర్రటి గొట్టం బిళ్ల కోఎంజైమ్ క్యూ10. ఎద్దుగుండె నుంచి తీసిన మైటోకాండ్రియాలో 1957లో అమెరికా శాస్త్రవేత్త ఫ్రెడరిక్ క్రేన్ దీన్ని కనిపెట్టాడు. కర్మాగారంలో ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి ఎలక్ట్రాన్లను మోసే కూలీ ఇది. మన ఒళ్లే తయారుచేసుకుంటుంది. కొలెస్ట్రాల్ తయారయ్యే దారిలోనే ఇదీ తయారవుతుంది కాబట్టి స్టాటిన్ వేసుకునేవాళ్ల రక్తంలో తగ్గుతుంది. కూతురు పంపడానికి కారణం ఇదే. పాపం, కారణం బాగానే ఉంది. కానీ స్టాటిన్ వల్ల వచ్చే కండరాల నొప్పులకి క్యూ10 ఇచ్చి చూస్తే కొన్ని పరిశోధనల్లో తగ్గాయి, కొన్నిట్లో తగ్గలేదు. గుండె బలహీనపడ్డ 420 మందికి రెండేళ్లు రోజుకి 300 మిల్లీగ్రాములు ఇచ్చిన పరిశోధన 2014లో అచ్చయింది. గుండెకి సంబంధించిన పెద్ద ప్రమాదాలు ఉత్తుత్తి బిళ్ల వేసుకున్నవాళ్లలో నూటికి 26 మందికి వస్తే, ఇది వేసుకున్నవాళ్లలో 15 మందికి వచ్చాయి. అదే ఏడాది, పార్కిన్సన్స్ రోగులు 600 మంది మీద చేసిన పరిశోధన కూడా వచ్చింది. అంతకు నాలుగింతలు, ఎనిమిదింతల మోతాదు ఇచ్చినా అక్కడ ఉపయోగం సున్నా.

స్వీడన్ పరిశోధన దగ్గర మాస్టారు చాలాసేపు ఆగారు. డెబ్భై దాటిన 443 మందికి నాలుగేళ్లు క్యూ10, సెలీనియం కలిపి ఇస్తే గుండెజబ్బు మరణాలు సగానికి పైగా తగ్గాయని 2013లో రాశారు. ‘అయితే ఇది పనిచేసినట్టేగా?’ అన్నారు. ‘అక్కడి నేలలో సెలీనియం తక్కువ తాతయ్యా. తిండిలో లేనిది బిళ్లలో ఇచ్చారు. మేలు దేనివల్లో ఎలా చెప్తాం?’ అంది మనవరాలు. మాస్టారు పెన్సిలుతో ‘లోటు’ అని రాసి కింద గీత గీశారు. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకయితే యాభై, ఊరికే నీరసమన్నవాళ్లకి ఇరవై... అలా రెండు రకాల మార్కులు వేశారు. లెక్కల మాస్టారు అలా వేయడం అదే మొదటిసారి అయ్యుండొచ్చు.

తెల్లటి బిళ్ల అన్నిటికన్నా ఖరీదు. డాలర్లని రూపాయల్లోకి మారిస్తే మాస్టారి భార్య ‘అమ్మో’ అనేసింది. దాని పేరు ఎన్ఎంఎన్. ఇది ఒంట్లోకెళ్లి ఎన్ఏడీగా మారుతుంది. ఈ ఎన్ఏడీ సంగతి 1906లోనే, కల్లు పులిసినట్టు ఈస్టు చక్కెరను ఎలా పులియబెడుతుందో చూస్తున్న ఆర్థర్ హార్డెన్, విలియం యంగ్‌ల కంటబడింది. దాని మీద చేసిన పనికే హార్డెన్‌కీ, హాన్స్ ఫాన్ ఆయిలర్‌కీ 1929లో నోబెల్ వచ్చింది. తిండిలోని శక్తిని మైటోకాండ్రియాకి చేరవేసేది ఇదే. వయసుతో పాటు కొన్ని కణజాలాల్లో ఇది తగ్గుతుంది. తగ్గినదాన్ని నింపితే వయసు వెనక్కి తిరుగుతుందా అన్నది ఇప్పటి ఉబలాటం.

నింపడం కొత్త ముచ్చటేమీ కాదు. ఎన్ఏడీకి ముడిసరుకు బి3 విటమిన్, అంటే నియాసిన్. అది అందక ఎండ తగిలిన చోటల్లా చర్మం నల్లబడి ఊడిపోవడం, విరేచనాలు, మతి తప్పడం... ఈ జబ్బు పేరు పెల్లాగ్రా. అమెరికాలో మొక్కజొన్నే తిండిగా బతికిన పేదల్ని అది వేలల్లో చంపింది. నియాసిన్‌తో కుక్కల్లో ఈ తరహా జబ్బు నయమవుతుందని 1937లో కాన్రాడ్ ఎల్వెజెమ్ చూపించాడు. మన దగ్గర జొన్నన్నమే జీవనాధారమైన దక్కన్ పల్లెల్లో కూడా పెల్లాగ్రా ఉండేది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలో సి.గోపాలన్, ఆయన సహచరులు దాని మీద ఏళ్ల తరబడి పనిచేశారు. జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్ కారణం కావచ్చని 1960లో ప్రతిపాదించారు. అంటే సీసా మీద కొత్త పేరుతో వస్తున్న ఈ బంధువు తాత తండ్రులు తార్నాకలో ఎప్పటి నుంచో తెలిసినవాళ్లే. లోటున్న మనిషికి నియాసిన్ ఇస్తే చావు నుంచి లేచొచ్చాడు. లోటు లేని మనిషికి ఎన్ఎంఎన్ ఇస్తే?

ఎలుకల గడిలో రాయడానికి చాలా దొరికింది. ముసలి ఎలుకల కండల్లో యౌవన లక్షణాలు తిరిగొచ్చాయని 2013లో వచ్చిన పరిశోధనతోనే ఈ గాలి లేచింది. మనుషుల గడి దగ్గరకొచ్చేసరికి మనవరాలి గొంతు తగ్గింది. ముట్లుడిగి, షుగరు వచ్చే అంచున ఉన్న 25 మంది ఆడవాళ్ల మీద అమెరికాలో చేసిన పరిశోధన 2021లో అచ్చయింది. పదివారాలు రోజుకి 250 మిల్లీగ్రాములు. కండలు ఇన్సులిన్‌కి స్పందించడం పెరిగింది. బరువు తగ్గలేదు, బీపీ తగ్గలేదు, రక్తంలో చక్కెరా తగ్గలేదు. ‘ఎంతమందన్నావ్?’ ‘పాతిక మంది తాతయ్యా.’ ‘నా సెక్షన్‌లో అరవై మంది ఉండేవాళ్లే!’ అన్నారు మాస్టారు.

దీని తమ్ముడు ఎన్ఆర్‌దీ అదే కథ. రక్తకణాల్లో ఎన్ఏడీని పెంచుతుందని 2018లో తేలింది. పెరిగినందువల్ల మనిషి ఎక్కువ దూరం నడిచాడా, బలంగా లేచాడా అంటే గట్టి జవాబు లేదు. అమెరికా ప్రభుత్వ వృద్ధాప్య పరిశోధన సంస్థ ఆధ్వర్యంలో మూడు ప్రయోగశాలల్లో ఎలుకలకి పెట్టి చూస్తే ఆయుష్షు పెరగలేదని 2021లో చెప్పారు. ఎన్ఎంఎన్‌ని సప్లిమెంటుగా అమ్మడానికి వీల్లేదని అక్కడి ఎఫ్‌డీఏ 2022లో అంది, అమ్మొచ్చని 2025లో మాట మార్చింది. రెండుసార్లూ తగవు అది మందు కోవలోకి వస్తుందా సప్లిమెంటు కోవలోకా అన్నదే. పనిచేస్తుందా అన్నది కాదు. ఆ దేశంలో 1994 నాటి చట్టం ప్రకారం సప్లిమెంటు అమ్మేవాడు అది పనిచేస్తుందని ముందుగా రుజువు చేయక్కర్లేదు. మాస్టారు భూతద్దం తెచ్చి సీసా వెనక చీమతలకాయంత అక్షరాలు చదివారు. ఏ జబ్బునీ నయం చేయడానికి, నివారించడానికి ఉద్దేశించింది కాదని అక్కడ ఉండనే ఉంది. మన దగ్గర అమ్మేవాటి మీద కూడా వైద్య అవసరాలకు కాదని రాయాలని 2016 నిబంధనల్లో ఉంది. ఆరు నెలలు చేతిలో తిప్పిన సీసాని ఆయన వెనక్కి తిప్పింది ఆ రోజే.

ఊదారంగు బిళ్ల రెస్వెరట్రాల్. ద్రాక్షతొక్కలో ఉండేది. ఈస్టు ఎక్కువకాలం బతికిందని 2003లో, కొవ్వు మేపిన ఎలుకలు ఆరోగ్యంగా ఉన్నాయని 2006లో వార్తలొచ్చాయి. 2008లో గ్లాక్సోస్మిత్‌క్లైన్ ఈ పరిశోధన చేస్తున్న సర్‌ట్రిస్ కంపెనీని 72 కోట్ల డాలర్లకు కొంది. 2013లో ఆ ప్రయోగశాల తలుపులు మూసేసింది. అన్ని డబ్బులు పెట్టిన వాళ్లే వదిలేసుకున్నాక మాస్టారు ఎందుకు మింగాలి? అయిదు మార్కులు. అవీ అట్ట మీద ద్రాక్షగుత్తి బొమ్మ బావుందని.

మిగతావి గబగబా అయిపోయాయి. దానిమ్మ తిన్నప్పుడు పేగుల్లోని సూక్ష్మజీవులు తయారుచేసే యూరోలిథిన్ ఎ మీద 2022లో వచ్చిన పరిశోధనలో 66 మంది పెద్దవాళ్లున్నారు. కండ ఓపిక కొంత పెరిగింది గానీ, ఆరు నిమిషాల్లో నడిచే దూరంలో ఉత్తుత్తి బిళ్లకీ దానికీ తేడా కనబడలేదు. యాంటీ ఆక్సిడెంట్లంటూ మరో డబ్బా ఉంది. విటమిన్ సి, ఇ పెద్ద మోతాదులో మింగుతూ వ్యాయామం చేసిన కుర్రాళ్లకి, ఆ వ్యాయామం వల్ల రావాల్సిన మేలే తగ్గిపోయిందని 2009లో జర్మనీ పరిశోధకులు చూపించారు. మాస్టారు దానికి సున్నా చుట్టబోయి ఆగి, రుణగుర్తు పెట్టారు.

ఏ సీసాలోనూ లేని వరస ఒకటి మనవరాలే చేర్చింది. జాన్ హాలజీ అనే అమెరికా వైద్యుడు 1967లో ఎలుకల్ని పన్నెండు వారాలు పరుగెత్తించాడు. వాటి కండల్లోని మైటోకాండ్రియాలో శక్తిని పుట్టించే ఎంజైములు రెట్టింపయ్యాయి. ఆ తర్వాత మనుషుల్లోనూ, ముసలివాళ్లలో కూడా, ఇలా జరుగుతుందని ఎన్నోసార్లు చూశారు. ‘ధర గడిలో ఏం రాయను?’ అనడిగారు మాస్టారు. ‘ఒక జత చెప్పులు’ అనేసి నాలిక్కరుచుకుంది పిల్ల. ఆయన గట్టిగా నవ్వారు. ఆ ఇంట్లో అంత నవ్వు విని చాలా రోజులైంది.

మర్నాడు రిపోర్టులొచ్చాయి. క్రియాటినిన్ కాస్త ఎక్కువుందని చూడగానే భార్య కిడ్నీలని బెంబేలెత్తింది. డాక్టరు ఊరడించాడు. క్రియాటిన్ పొడి తాగేవాళ్లకి రక్తంలో క్రియాటినిన్ పెరిగినట్టు కనిపించడం మామూలే. సిస్టాటిన్ సి అని మరో పరీక్ష చేయిస్తే కిడ్నీలు బాగానే ఉన్నాయని తేలింది. థైరాయిడ్ బాగుంది. హిమోగ్లోబిన్ పదమూడు దాటింది. బి12 మాత్రం కనీసం రెండొందలు ఉండాల్సింది, నూట పది దగ్గర పడి ఉంది.

‘రక్తం బాగానే ఉందిగా మరి?’ అన్నారు మాస్టారు.

‘అక్కడే మోసం జరిగింది’ అన్నాడు డాక్టరు. బి12 తగ్గితే మామూలుగా రక్తహీనత వస్తుంది. మనిషి పాలిపోతాడు, పరీక్షలో దొరికిపోతాడు. కానీ ఫోలిక్ యాసిడ్ పెద్ద మోతాదులో వేసుకుంటే రక్తం కుదురుకుంటుంది. నరాలు మాత్రం లోలోపల దెబ్బతింటూనే ఉంటాయి. 1940ల్లో ఫోలిక్ యాసిడ్ కొత్తగా చేతికొచ్చినప్పుడు ప్రాణాంతక రక్తహీనత రోగులకి ఇచ్చి డాక్టర్లు ఈ పాఠం నేర్చుకున్నారు. రక్తం పట్టిన రోగులు నడవలేకపోయారు. బి12 విడిగా దొరికింది 1948లో. ఫోలిక్ యాసిడ్‌ని 1945లో తయారుచేసింది ఎవరనుకున్నారు? లెడర్లీ కంపెనీలో యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన బృందమే. ఆయన సోదరుణ్ని బలి తీసుకున్న స్ప్రూ జబ్బుకి మందు అది. లక్షల మందికి మేలు చేసింది. గర్భిణులకి ఇవాళా తప్పనిసరి. మాస్టారి వంటివాళ్లు ఎవరినీ అడక్కుండా కొనుక్కుంటే మాత్రం ముసుగేస్తుంది. అన్నట్టు, 1948లో బి12ని వేరుచేసిన బృందం పెద్ద కార్ల్ ఫోకర్స్. పదేళ్ల తర్వాత క్యూ10 నిర్మాణాన్ని తేల్చిందీ ఆయన బృందమే.

లోటు ఎలా వచ్చిందంటే, మూడు వైపుల నుంచి. మొక్కల్లో బి12 ఉండదు. శాకాహారికి పాలూ పెరుగే ఆధారం. అవి మానేశారు. గ్యాసు బిళ్ల ఏళ్ల తరబడి వేసుకుంటే తిన్నది కూడా సరిగా ఒంటబట్టదు. పైన మెట్‌ఫార్మిన్. అది వాడేవాళ్లలో బి12 తగ్గడం తరచుగా జరిగేదేనని బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ 2022లో హెచ్చరించింది. అలాగని మెట్‌ఫార్మిన్ మానేయక్కర్లేదు. అప్పుడప్పుడు పరీక్ష చేయించుకోవాలంతే. మన ఒంట్లో బి12తో పనిపడే ఎంజైములు రెండే రెండు. అందులో ఒకటి మైటోకాండ్రియాలోనే ఉంటుంది. కణకణానికీ శక్తి కోసం ఖండాలు దాటించి తెచ్చిన సంచీలో, అదే కర్మాగారానికి కావాల్సిన ఆ ఒక్కటీ లేదు. ఆ సాయంత్రం వీధి చివరి మందుల షాపులో ఇంజెక్షన్లన్నిటికీ కలిపి ఇచ్చిన డబ్బు, తెల్లబిళ్ల సీసాలో వారం రోజుల ఖరీదుకి సరిపోలేదు.

‘కాళ్లు బాగవుతాయా?’ అనడిగింది భార్య. డాక్టరు వెంటనే జవాబు చెప్పలేదు. ‘నీరసం పోతుందమ్మా. తిమ్మిరి కొంత తగ్గుతుంది. ఎంత వెనక్కొస్తుందో ఆర్నెల్లు, ఏడాది చూడాలి. ముందే వచ్చుంటే...’ అని ఆగిపోయాడు.

ఆ ‘ముందే’ అన్న మాట ఇంట్లో రాయిలా కూర్చుంది. సంక్రాంతికి అరికాళ్లలో చీమలే. ఆషాఢానికి చెప్పు జారింది. సీసాలున్నాయిలే, రేపో మాపో పనిచేస్తాయిలే అని మధ్యలో ఆరు నెలలు గడిపేశారు. కూతురికి చెప్పొద్దన్నారు మాస్టారు. భార్య చెప్పేసింది.

తెల్లవారుజామున ఫోను మోగింది. ‘నాన్నా, నేను పంపిన వాటివల్లేనా?’ గొంతు బొంగురుపోయి ఉంది.

‘కాదే. వాటివల్ల ఏమీ కాలేదు’ అన్నారాయన. ఆ మాటకి రెండర్థాలున్నాయని అన్నాక తోచింది.

అవతల కాసేపు నిశ్శబ్దం. ‘ప్రతినెలా ఖాతాలోంచి ఆ సీసాల డబ్బు కట్టవుతుంటే, నాన్న పని ఒకటి చేశాననిపించేది. నిన్ను ఒకసారి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాల్సింది. అక్కడుంటే తీసుకెళ్లేదాన్నేగా’ అంది. మాస్టారికి ఏం చెప్పాలో తెలియక, పిల్లలు లేచారా, అల్లుడు ఆఫీసు నుంచి వచ్చాడా అనడిగారు. అక్కడ అప్పుడు సాయంత్రం. తర్వాత తన నోటుపుస్తకం ఫొటో తీయించి పంపారు. కూతురు గడిగడీ చదివి, రెస్వెరట్రాల్‌కి అయిదు మార్కులెందుకని పోట్లాడింది. తను కూడా అదే వేసుకుంటోందట.

సంచీ మళ్లీ నిండలేదు. మిగిలిన క్యూ10 సీసా ఇవ్వమని వాకింగ్ స్నేహితుడు, రిటైరైన పోస్టుమాస్టరుగారు అడిగారు. ఆయనకి గుండె కవాటం మార్చారు, వార్ఫరిన్ వాడుతున్నారు. క్యూ10 ఆ మందు ప్రభావాన్ని తగ్గించే అవకాశం ఉందని మనవరాలు చెప్పింది గుర్తొచ్చి, ‘డాక్టర్నడిగి రండి, ఇస్తాను’ అన్నారు మాస్టారు. పోస్టుమాస్టరుగారు నాలుగు రోజులు మాట్లాడలేదు. క్రియాటిన్ డబ్బా ఒక్కటీ డాక్టరు ఉంచమన్నాడు. కాకపోతే షరతు పెట్టాడు. పొడి తాగిన రోజు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదేసిసార్లు మూడు విడతలు లేవాలి. ఏడుసార్లతో మొదలైంది. భార్య పక్కన నిలబడి లెక్కపెడుతుంది. ఆవిడ లెక్క తప్పితే ఆయన ఊరుకోరు. పెరుగన్నం తిరిగి విస్తట్లోకొచ్చింది.

కార్తీకమాసం వచ్చేసరికి మాస్టారు పేపరు చివరి పేజీ దాకా మెలకువగానే చదువుతున్నారు. మెట్లు ఆగకుండా ఎక్కుతున్నారు. వెనక పట్టీ ఉన్న చెప్పులు కొనుక్కున్నారు. అవి స్కూలుపిల్లల చెప్పుల్లా ఉన్నాయని మొదట్లో సిగ్గుపడ్డారు.

డాక్టరు మళ్లీ సొరుగులోంచి ఫోర్కు తీసి మోకాలికి కొట్టాడు. కుడి చీలమండ మీద ఆనించాడు. మాస్టారు కళ్లు మూసుకున్నారు.

‘ఉంది... ఉంది... ఇంకా ఉంది... ఆఁ, పోయింది.’

‘ఎనిమిది సెకన్లు’ అన్నాడు డాక్టరు. మళ్లీ కొట్టి ఎడమకాలి మీద పెట్టాడు. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. మాస్టారు చాలాసేపు అలాగే కళ్లు మూసుకుని కూర్చున్నారు.

‘పెట్టావట్రా?’

‘పెట్టాను మాస్టారూ.’